కొయ్య కలములు
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఈ యేడు శనివారపు చేతిపని గంటలో మన ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల పిల్లలు కొయ్య కలములను తయారు చేసిరి. వానిని ఈ బల్లపై నుంచితిమి. అయితే, "మా వానిని చదువుటకు పంపితిమి గాని వడ్రంగమునకు కాదు" అని కొందరు తండ్రులు మాతో ననిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. గడప దాటిన కన్నడము, ఉద్యోగమునకు ఇంగ్లీషు. ఈ రెంటి నడుమ బిడ్డను తెలుగు బడికి పంపుటయే సాహసము. అట్టివారి గంటను వ్యర్థపుచ్చు హక్కు మాకు లేదు. కావున పని యెట్టిదో చెప్పెదము.

అయిదంగుళముల కొయ్యముక్కను రెండు తునుకలు చేసి, ఒక్కొక్క దాని నడుమ 7 మిల్లీమీటర్ల రంధ్రము తొలుతురు. అందు ఇత్తడి గొట్టమును జిగురుతో నిలిపి, కొనలను సమము చేసి, ఉక్కు కడ్డీకి గ్రుచ్చి తరిమెనకు బిగింతురు. కొయ్య తిరుగుచుండగా ఉలి నాన్చిన చోట పొట్టు రాలును. తొందరపడినచో ఉలి కొయ్యను చీల్చును. మితిమీరి చెక్కినచో ఇత్తడి బయటపడును. అప్పుడు క్రొత్త ముక్కతో మొదటినుండి ఆరంభింపవలసినదే. పిమ్మట ఉప్పు కాగితము 150 అంకె మొదలు 600 వరకు వరుసగా పట్టవలెను. నడుమ నొకటి దాటవేసిన యెడల గీతలు మెఱుగులో కానవచ్చును. లెక్కలలో వ్యాసమనగానేమో తెలియక తికమకపడు బాలుడొకడు ఇక్కడ కొలబద్దతో దానిని పదిమార్లు కొలిచెను. పరీక్షలో అతని మార్కులు పెరుగునని మాత్రము మేము హామీ ఇయ్యజాలము.

మెఱుగు పెట్టుట మాకు మిక్కిలి ఇష్టమైన భాగము. వరాహనదీతీరమందలి ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెన పట్టి, తిరుగుచున్న బొమ్మకు లక్కకడ్డీ నానింతురు. రాపిడి వేడికి లక్క కరగి అంటుకొనును. మొగలి ఆకుతో రుద్దగా నిగనిగలాడును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన చన్నపట్టణపు బొమ్మలకును ఇదే చెట్టు, ఇదే లక్క! కన్నడిగులు హాలె యనునది మన అంకుడే. మన పిల్లల కలములకును ఆ లక్కయే పూసితిమి.

రాజమహేంద్రవరమున 1932లో కె.వి. రత్నం గారు స్వదేశీ కలముల తయారీ నారంభించిరి. ఆయన స్వర్ణకారులు. గాంధీమహాత్ముడు వారి కలమును మెచ్చి 1935లో లేఖ వ్రాసెను. ఆ కలములు ఎబొనైటువి, అనగా గంధకముతో గట్టిపఱచిన రబ్బరువి. సిరా తగిలిన కొయ్య ఉబ్బును గనుక, మన కలములలో సిరా పోయక రీఫిల్ పెట్టితిమి.

పాఠ్యపుస్తకములో కానరాని మాటలు కొన్ని ఈ గంటలో పిల్లల నోట వినబడుచున్నవి: తరిమెన, చిత్రిక, చేవ. ఒక బాలిక "చేవ యనగా నేమి?" అని యింట నడుగగా, ఆమె తాతగారు పాత దూలమును చూపి అరగంటసేపు చెప్పిరట. మేము పాఠము చెప్పినను అంత కుదిరి యుండెడిది కాదు.

భయమునకు కారణమున్నది గనుక దాచము. ఉపాధ్యాయుడు లేనిదే తరిమెన తిప్పనీయము. జడలు ముడిచి, కండ్లద్దములు పెట్టి, ముక్కునకు గుడ్డ కట్టి పనిచేయింతుము. కొయ్యపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వచ్చే యేడు ఈ గంటను ట్యూషనునకు మార్చవలెనని కొందరు కోరుచున్నారు. నిర్ణయము మీది. ద్వారమువద్ద చీటీలున్నవి, ఉండవలెననియో, వలదనియో వ్రాసి సంతకము చేయుడు. ఉండవలె ననువారు ఇంట పడియున్న వేప, చింత, పాత టేకు ముక్కలను పంపుడు. పచ్చికొయ్య వలదు, ఆరిన పిదప పగులును. ఎఱ్ఱచందనము అసలే వలదు, అనుమతి లేక దానిని ఉంచుకొనుట నేరము.