పెరట్లో కొట్టు కట్టుకున్న అత్తాకోడళ్లు



కోనసీమలో ఒక ఊరు. కాలవ గట్టు పక్కన ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో అత్త, కోడలు, ఇద్దరు పిల్లలు ఉంటారు. కొడుకు కువైట్‌లో డ్రైవరు పనికి వెళ్లాడు. ఉన్నది ఎకరం చేను.

తిండికి ఉంచుకున్న ధాన్యం బస్తాలు ముందు గదిలోనే ఉండేవి. వాటి పక్కనే పిల్లలు చాప వేసుకుని పడుకునేవాళ్లు. బస్తాల కోసం ఎలుకలు వచ్చాయి. ఎలుకల కోసం ఒక రాత్రి పాము వచ్చింది. నల్లటి ఒంటి మీద తెల్ల గీతలు. కట్లపాము! చిన్నపిల్ల దిండుకు జానెడు దూరంలో ఉంది. అత్త దీపం పట్టుకుని లేవబట్టి సరిపోయింది.

ఇక్కడ ఒక మాట. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లనే కరుస్తుంది. నొప్పి కూడా అంతగా తెలీదు. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. మంత్రం వేయించకూడదు, కట్టు బిగించకూడదు. 108కి ఫోను చేసి నేరుగా ఆస్పత్రికి పోవాలి.

తెల్లారాక కోడలు అంది: "అత్తయ్యా, ఈ బస్తాలు ఇంట్లో వద్దు. పెరట్లో ఒక కొట్టు కట్టేద్దాం."

మేస్త్రీని పిలిచారు. ఆయన చెప్పిన కూలి వినేసరికి కోడలు నోరు మూతపడింది. అత్త మాత్రం, "మనమే కట్టుకుందాం లేవే. గుంజ పాతడం రాదా, తడిక కట్టడం రాదా?" అంది. అత్త యాభై ఏళ్లు దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దింది. అంకెలంటే ఆమెకు మహా ఇష్టం. టేపు తెచ్చి పిల్లల ఎత్తు కూడా కొలిచేది.

ముందు చోటు చూశారు. కొబ్బరి చెట్టు కింద వద్దనుకున్నారు. కాయ పడినా, మట్ట పడినా రేకు పగులుతుంది. వంటపాక పక్కన కూడా వద్దు, నిప్పు భయం. వాన ఎటునుంచి ఎక్కువ కొడుతుందో ఇంట్లో ఆడవాళ్లకే బాగా తెలుసు. తలుపు దానికి ఎదురువైపు పెట్టాలని గీత గీశారు.

పొడవు 8 అడుగులు, వెడల్పు 6 అడుగులు. నాలుగు మూలలా మేకులు పాతి తాడు కట్టారు. పక్కింటి బాబాయి వచ్చి చూసి, "బాగుంది, ఇక గుంటలు తీయండి" అన్నాడు.

"ఉండండి, మూల నుంచి మూలకు కొలుస్తా" అంది అత్త. ఒక మూల నుంచి ఎదురు మూలకు పదిన్నర అడుగులు వచ్చింది. రెండో జత మూలలకు తొమ్మిదిన్నరే వచ్చింది. చూశారా? నాలుగు వైపులా కొలత సరిగ్గానే ఉంది. కానీ చోటు ఒక పక్కకు వాలిపోయింది. అలాగే కడితే రేకులు సరిగ్గా కూర్చోవు, తలుపు పట్టదు. మేకులు కొంచెం కొంచెం జరిపి, మళ్లీ కొలిచారు. రెండు వైపులా 10 అడుగులు వచ్చేదాకా జరిపారు. 6, 8 అడుగుల వైపులకు మధ్య మూల సరిగ్గా ఉంటే ఎదురు మూలకు 10 అడుగులే వస్తుంది. ఇది ఎక్కడైనా అంతే. చిన్న చోటైతే 3, 4, 5 అడుగులతో చూసుకోవచ్చు.

ముందు మూడు గుంజలు, వెనక మూడు గుంజలు. ముందువి నేల పైకి 7 అడుగులు, వెనకవి 6 అడుగులు. అందరివీ భూమిలోకి 2 అడుగులు పోవాలి. అంటే 9 అడుగుల బాదులు మూడు, 8 అడుగులవి మూడు కొనాలి. సరుగుడు బాదులు తెచ్చారు. భూమిలోకి పోయే మొదళ్లను మంటలో పైపైన కాల్చి, చల్లారాక తారు పూశారు. చెదలు అంత తొందరగా పట్టవు. సిమెంటు స్తంభాలు కొనగలిగితే చెదల బెడదే లేదు.

"ఒక అడుగు పాతితే చాలదా?" అని కోడలు అడిగింది. అత్త ఒప్పుకోలేదు. 1996 నవంబరు తుఫాను ఆమె కళ్లతో చూసింది. ఊళ్లో కొబ్బరి చెట్లే వేళ్లతో సహా పడిపోయాయి. గుంటలో రాళ్లు, మట్టి వేసి గునపంతో కుదించారు. దారానికి రాయి కట్టి వేలాడదీసి, గుంజ నిలువుగా ఉందో లేదో చూసుకున్నారు.

నేల మీద అడుగెత్తు మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టారు. చుట్టూ రెండడుగుల ఎత్తు ఇటుక గోడ పెట్టారు. దాని పైన వెదురు తడికలు కట్టి, గడ్డి కలిపిన మట్టి మెత్తారు. ఎలుక ముందు కొరికేది కింది భాగాన్నే, అందుకని అక్కడ ఇటుక. రేకు కింద గాలి ఆడటానికి సందు వదిలి ఇనుప వల కొట్టారు. పెన్సిలు దూరే సందు చాలు, చుంచు లోపలికి వచ్చేస్తుంది.

రేకుల దగ్గర పెద్ద గొడవే అయ్యింది. గోడకు అటు అరడుగు, ఇటు అరడుగు చూరు కావాలి. మొత్తం 9 అడుగులు. రేకు వెడల్పు 3 అడుగులు. "తొమ్మిదిలో మూడు మూళ్లు. మూడు రేకులు చాలు" అన్నాడు బాబాయి. కోడలు సుద్దముక్కతో గోడ మీద గీసింది. ఒక రేకు మీదికి ఇంకో రేకు అరడుగు ఎక్కాలి. మొదటి రేకు 3 అడుగులు కప్పితే, తర్వాతవి రెండున్నరే కప్పుతాయి. మూడు రేకులకు 8 అడుగులే వచ్చింది. చూరు ఎక్కడ? నాలుగు రేకులు కొన్నారు. బాబాయి ఏమీ అనలేదు గానీ, రేకులు ఎత్తేటప్పుడు ముందు ఆయనే వచ్చాడు. ఈ పని మొత్తంలో ఇద్దరు ఆడవాళ్ల వల్ల కానిది ఈ రేకులు ఎత్తడమే. దానికి మగవాళ్లయినా నలుగురు కావాలి.

రేకుకు హుక్కు పల్లంలో బిగిస్తే నీళ్లు అక్కడే చేరి లోపలికి కారతాయి. మిట్ట మీదే బిగించాలి, కింద వాషరు వేయాలి. వాసాలను గుంజలకు ఇనుప తీగతో గట్టిగా చుట్టాలి. గాలి రేకును పైనుంచి నొక్కదు, కిందినుంచి దూరి పైకి లేపుతుంది. పాత సిమెంటు రేకులు చవగ్గా వస్తాయని కొందరు కొంటారు. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోస్తే వచ్చే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అత్తాకోడళ్లు ఇనుప రేకులే వేశారు.

లోపల నేల మీద ఇటుకలు పేర్చి, చెక్క బల్లలు పరిచారు. బస్తాలు బల్లల మీద, గోడకు మూరెడు దూరంలో పెట్టారు. గోడకు ఆనిస్తే చెమ్మ ఎక్కుతుంది. పెట్టే ముందు గింజ నోట్లో వేసుకుని కొరికి చూశారు. టక్కున విరిగితే ఎండినట్టు. మెత్తగా నలిగితే ఇంకా ఎండలో పోయాలి. కట్టెలు మాత్రం బయట చూరు కింద, నేలకు అడుగెత్తున పేర్చారు. పురుగుమందు డబ్బాలను కొట్లోకి రానివ్వలేదు. వాటికి వేరే పెట్టె, దానికి తాళం, పిల్లలకు అందనంత ఎత్తు.

తలుపు లోపలి వైపు అత్త సుద్దముక్కతో రాసింది: "ధాన్యం 9 బస్తాలు."

వెనక నుంచి కోడలు చదివి నవ్వింది. "నిన్న మీ ఆడపడుచుకి ఒక బస్తా పంపావు కదా అత్తయ్యా!"

అత్త కొంగుతో 9 తుడిచి, 8 వేసింది.