సందేహం మిగిలిన చోట ఉరితాడు తగదు

(మానవ హక్కుల దినం సందర్భంగా జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. నా ఉద్యోగ జీవితమంతా కాగితాల మధ్యనే గడిచింది. అందుకే మరణశిక్ష గురించి మాట్లాడమనగానే నాకు కొన్ని కాగితాలే జ్ఞాపకం వచ్చాయి.

2002 సెప్టెంబరు 24న గుజరాత్‌లోని గాంధీనగర్‌లో అక్షరధామ్ ఆలయంపై ఇద్దరు సాయుధులు దాడి చేశారు. ముప్ఫై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అది ఘోరమైన నేరం. ఆ కుటుంబాల దుఃఖాన్ని తక్కువ చేసే మాట ఈ వేదికపై ఎవరి నోటా రాకూడదు. దాడి చేసిన ఇద్దరూ కమాండోల కాల్పుల్లో అక్కడే మరణించారు. దాదాపు ఏడాది తరువాత కుట్రదారులంటూ కొందరిని అరెస్టు చేశారు. 2006లో పోటా న్యాయస్థానం ఆరుగురిని దోషులుగా తేల్చి, ముగ్గురికి మరణశిక్ష విధించింది. 2010లో హైకోర్టు దానిని ఖరారు చేసింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆ ఆరుగురినీ నిర్దోషులుగా ప్రకటించి విడుదల చేసింది.

రెండు న్యాయస్థానాలు నమ్మిన సాక్ష్యం మూడవ న్యాయస్థానంలో ఎందుకు నిలువలేదు? హతులైన సాయుధుల జేబుల్లో ఉర్దూ లేఖలు దొరికాయన్నారు. వారి దుస్తులు తూటాలకు చిల్లులు పడి, రక్తంతో తడిసి ఉన్నాయి. లేఖలపై మాత్రం ఒక్క మరక లేదు, ఒక్క చిల్లు లేదు. పోటా కింద విచారణకు ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కూడా ఆధారాలను పరిశీలించి, ఆలోచించి ఇచ్చినది కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆలోచన లేని సంతకం వల్ల మా కార్యాలయంలో ఒక పింఛను ఆలస్యమయ్యేది, తరువాత దిద్దుకునేవాళ్లం. ఇక్కడ ఆ సంతకం కింద ముగ్గురి ప్రాణాలున్నాయి.

ఇక మిగిలినవి ఒప్పుకోలు వాంగ్మూలాలు. సాధారణ చట్టం ప్రకారం పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. పోటా దానిని చెల్లేటట్లు చేసింది. నిందితులు తరువాత ఆ వాంగ్మూలాలను తిరస్కరించారు. చట్టం విధించిన రక్షణలను పాటించలేదని గుర్తించి సుప్రీంకోర్టు వాటిని పక్కన పెట్టింది.

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. దాని ఆరవ అధికరణం మరణశిక్షను పూర్తిగా నిషేధించలేదు. రద్దు చేయని దేశాల్లో అత్యంత తీవ్రమైన నేరాలకే పరిమితం చేసి, క్షమాభిక్ష కోరే హక్కు ఇచ్చింది. పద్నాలుగవ అధికరణం ప్రకారం నేరం రుజువయ్యేవరకు నిందితుడు నిర్దోషియే. అతనికి న్యాయవాది ఉండాలి. నేరం ఒప్పుకొమ్మని బలవంతపెట్టరాదు. పై న్యాయస్థానం తీర్పును పునఃపరిశీలించాలి. ఈ రెండు అధికరణాలనూ కలిపి చదవాలి. విచారణ న్యాయంగా జరగనప్పుడు విధించిన మరణశిక్ష జీవించే హక్కుకే భంగమని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ స్పష్టం చేసింది. సందేహం ఉన్నచోట కఠిన శిక్షను నిలిపివేయాలన్న సూత్రం ఇస్లామీ ధర్మశాస్త్రానికీ కొత్త కాదు.

2015లో లా కమిషన్ తన 262వ నివేదికలో మరణశిక్షను రద్దు చేయాలని సిఫారసు చేసింది. ఉగ్రవాద నేరాలను, దేశంపై యుద్ధం చేసే నేరాలను మాత్రం మినహాయించింది. నన్ను కలవరపెట్టేది ఆ మినహాయింపే. ప్రజాగ్రహం అధికంగా ఉండేదీ, ప్రత్యేక చట్టాలు వచ్చేదీ, ఎవరినో ఒకరిని త్వరగా చూపించాలన్న ఒత్తిడి పెరిగేదీ అటువంటి కేసుల్లోనే. పొరపాటుకు ఎక్కువ అవకాశమున్న చోటనే, దిద్దుకోలేని శిక్షను మిగిల్చుకుంటున్నాము.

ఇది ఒక్క మన సమాజపు గోడు కాదు. చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఇద్దరు దళిత యువకులకు ఉరి పడినప్పుడు, నేరం రుజువైనప్పటికీ, పౌరహక్కుల కార్యకర్తలు, రచయితలు వారి ప్రాణాల కోసం నిలబడ్డారు. 1998లో రాష్ట్రపతి ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. ఎవరి మెడకు ఉరి బిగుస్తున్నా మనమూ అట్లాగే నిలబడాలి.

కుటుంబాలకు నా విన్నపం. అరెస్టు జరిగితే అరెస్టు పత్రంపై కుటుంబ సభ్యుని లేదా స్థానిక పెద్దమనిషి సంతకం ఉండాలి. 1996 నాటి డి.కె. బసు తీర్పు అదే చెబుతోంది. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. తెల్లకాగితంపై సంతకం చేయకండి. ప్రతి కాగితానికీ నకలు దాచండి.

అక్షరధామ్ కేసులో మరణశిక్ష పడిన ముగ్గురూ పదేళ్లకు పైగా జైలులో గడిపారు. పరిహారం కోరితే 2016లో సుప్రీంకోర్టు ఆ వినతిని స్వీకరించలేదు. పోయిన సంవత్సరాలను ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు. అయినా ఆ తీర్పు వెలువడిన నాటికి వారు ప్రాణాలతో ఉన్నారు గనుక ఇంటికి చేరారు. ఉరి ముందే అమలై ఉంటే, నిర్దోషులన్న ఆ మాటను ఎవరికి వినిపించేవారు?