బావులు పోయాయి, నీళ్ళు వచ్చాయి, ఈత రాలేదు

(సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పవలసినదంతా చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. సెలవులు ఇచ్చారంటే మన ఇళ్ళకు మనవళ్ళు, మనవరాళ్ళు వస్తారు. వచ్చిన మర్నాడే ‘తాతా, బయట ఆడుకొని వస్తాం’ అంటారు. వెళ్ళనివ్వండి. పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టుకుంటే క్షేమం అనుకునేవారితో నేను ఏకీభవించను. గోలీలు, బిళ్ళంగోడు ఆడి, మోకాళ్ళు చెక్కుకుపోయి పెరిగిన వాళ్ళమే మనమంతా. కాకపోతే మనం ఆడుకున్న ఊరు వేరు, ఇప్పుడు వీళ్ళు ఆడుకొంటున్న ఊరు వేరు. పేరు మాత్రమే మిగిలింది. ఆ తేడా గురించే నాలుగు మాటలు చెబుతాను.

నా సర్వీసులో ఎక్కువ భాగం పల్లెల్లో తాగునీటి బోర్ల మధ్య గడిచింది. కనుక బోర్లతోనే మొదలుపెడతాను. మన చిన్నతనంలో ప్రతి ఊరి పొలాల్లో దిగుడు బావులు ఉండేవి. కపిల తోలేవారు, తర్వాత ఆయిలు ఇంజన్లు వచ్చాయి. 1980ల తర్వాత బోర్లు విపరీతంగా పడ్డాయి. బోరు లోతుకు పోయేకొద్దీ బావి ఎండిపోయింది. ఆ తర్వాత బోరూ ఎండింది. వంద అడుగుల్లో పడే నీళ్ళు ఐదారు వందల అడుగులకు పోయాయి. అప్పు చేసి బోరు వేయించిన రైతుకు దుమ్ము తప్ప చుక్క రాకపోతే, రిగ్గు లారీ వెళ్ళిపోగానే అతడు చేసే పని ఒకటుంది. అదే నేను చెప్పదలచిన ముఖ్య విషయం.

మన సీమలో కింద ఉండేది గట్టి రాయి. అందుకని కేసింగు పైపు పైన మట్టి ఉన్నంతవరకే దింపుతారు. దాని కింద రాతిలో వట్టి రంధ్రమే. రంధ్రం సుమారు ఆరున్నర అంగుళాలు. నీళ్ళు పడకపోతే, పైపు అయినా మిగిలిందనుకొని రైతు దాన్ని పీకేస్తాడు. ఇంకో బోరుకు పనికొస్తుంది కదా. అతణ్ణి తప్పుపట్టలేం, పైపు ఖరీదు తక్కువేమీ కాదు. కానీ పైపు తీసిన తర్వాత వానకు, పశువుల తొక్కుడుకు నోటి దగ్గర మట్టి జారుతుంది. జానెడు లేని నోరు మూరెడు వెడల్పు గరాటు అవుతుంది. దాని మీద ఒక గోనెసంచి కప్పి, చుట్టూ నాలుగు కంపలు వేసి పోతారు. గోనెసంచి చివికిపోతుంది, కంపలు పొయ్యిలోకి పోతాయి. రెండేళ్ళ బిడ్డకు అది చాలు.

2017 జూన్‌లో చేవెళ్ళ మండలం ఇక్కారెడ్డిగూడలో ఏడాదిన్నర పాప ఇలాగే బోరులో పడింది. రోజుల తరబడి ప్రయత్నించినా ప్రాణాలతో దక్కలేదు. అదే ఏడాది ఆగస్టులో వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో రెండేళ్ళ బాబు పడితే, పక్కన గొయ్యి తవ్వి సజీవంగా బయటికి తీశారు. 2020 మే నెలలో మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో మూడేళ్ళ బాబు పడిన బోరు అప్పుడే వేసి, నీళ్ళు పడక వదిలినది. ఆ బిడ్డ దక్కలేదు. వేసిన వెంటనే మూయకపోతే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

చట్టం లేదా అంటే ఉంది. బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరిలో ఆదేశాలిచ్చి, ఆగస్టులో కొంత మార్చింది. బోరు వేసే పదిహేను రోజుల ముందు అధికారులకు తెలపాలి. పని జరిగేటప్పుడు చుట్టూ ముళ్ళకంచె, హెచ్చరిక బోర్డు ఉండాలి. కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి, పైపు నోటికి ఉక్కు మూత బోల్టులతో బిగించాలి. పనికిరాని బోరును మట్టి, ఇసుక, గులకరాళ్ళతో అడుగు నుంచి నేలమట్టం వరకు పూడ్చాలి. పల్లెల్లో దీనిని సర్పంచి, వ్యవసాయశాఖ ఉద్యోగి కలిసి చూడాలి, అందరిపైనా కలెక్టరు ఉంటారు. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా మన ఊరి పొలంలో బోరు నోరు తెరుచుకొని ఉందంటే, కాగితం అక్కడిదాకా నడవలేదని అర్థం. కాగితాన్ని నడిపించడం మనకు తెలిసిన విద్య. ముప్ఫై ఏళ్ళు ఆ పనే చేశాం.

ఇప్పుడు రెండో సంగతికి వస్తాను. ఎండిన బావితో పాటు పోయినది ఇంకొకటి ఉంది. ఈత. మీలో ఎంతమంది బావిలో ఈత నేర్చుకున్నారో చేతులెత్తమంటే సగానికి పైగా ఎత్తుతారు. వీపుకు బెండ్లు కట్టి, లేదా ఎండిన సొరబుర్ర కట్టి, మామో చిన్నాయనో బావిలోకి తోసేవారు. మూడు రోజులు నీళ్ళు తాగితే నాలుగో రోజు ఈత వచ్చేది. (ఆడపిల్లలకు అప్పుడు కూడా నేర్పలేదు. బట్టలు ఉతకడానికి చెరువు గట్టుకు పోయేది మాత్రం వాళ్ళే.) మన తర్వాతి తరం వచ్చేసరికి నేర్పడానికి బావిలో నీళ్ళు లేవు. వాళ్ళ పిల్లలకు అసలే లేవు.

ఇప్పుడు నీళ్ళు వచ్చాయి. శ్రీశైలం వెనుక జలాలను మాల్యాల దగ్గర ఎత్తిపోసి హంద్రీ–నీవా కాలువ ద్వారా ఇక్కడిదాకా తెచ్చారు. పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయానికి 2016లో కృష్ణా నీళ్ళు చేరిన నాడు మనమంతా సంతోషించాం, సంతోషించవలసిందే. కానీ ఈత రాని ఊళ్ళ మధ్యకు నీళ్ళు వచ్చాయి. పెన్నా, చిత్రావతి ఏళ్ళలో ఇసుక తవ్విన గుంతలు వానకు నిండుతాయి. పైకి మోకాలి లోతు లాగ కనపడుతుంది, రెండడుగులు వేస్తే నిలువు లోతు. సిమెంటు వేసిన కాలువ ఇంకా మోసం. గట్టు ఏటవాలుగా ఉంటుంది, పాచి పడుతుంది. జారినవాడికి పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా ఉండదు. దిగుడు బావికి మెట్లయినా ఉండేవి.

మన దేశంలో నీళ్ళలో మునిగి ఏటా ముప్ఫై వేలమందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతున్నాయి. మునిగే బిడ్డ సినిమాలో లాగ ‘కాపాడండి’ అని కేకలు పెట్టదు. నోట్లో నీళ్ళు పడితే గొంతు పెగలదు. గట్టుమీద పెద్దలు మాట్లాడుకుంటూ ఉండగానే అయిపోతుంది. ఇంకొకటి గమనించండి. పేపర్లో ‘ముగ్గురు బాలురు మృతి’ అని వస్తే చాలాసార్లు మొదట జారినది ఒక్కడే. మిగతా ఇద్దరూ వాణ్ణి తీయబోయి పోయినవారు. కనుక పిల్లలకు ముందుగా చెప్పవలసినది ఇది: స్నేహితుడు నీళ్ళలో పడితే నువ్వు దూకవద్దు. కేక వెయ్యి. కట్టె అందించు, టవలు విసురు, చీర విసురు, మూత బిగించిన ఖాళీ క్యాను విసురు.

బయటికి తీసిన బిడ్డను కుండమీద బోర్లా పడుకోబెట్టడం, కాళ్ళు పట్టుకొని గిరగిర తిప్పడం మన ఊళ్ళలో ఇంకా ఉంది. దయచేసి మాన్పించండి. కడుపులో నీళ్ళు కక్కించడంకన్నా ఊపిరి అందించడం ముఖ్యం. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, శ్వాస లేకపోతే నోటితో ముందు ఐదుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో ముప్ఫైసార్లు నొక్కి, రెండుసార్లు ఊదుతూ పోవాలి. ఒకరు 108కి ఫోను చేస్తూ ఉండాలి. ఇది విని నేర్చుకునేది కాదు, చేసి నేర్చుకునేది. తదుపరి సమావేశానికి మన ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ఎవరినైనా పిలిపించి చూపించమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.

ఇందులో మన పాత్ర ఏమిటని అడుగుతారేమో. బంగ్లాదేశ్ పల్లెల్లో చెరువు లేని ఇల్లు తక్కువ. అక్కడ చిన్నపిల్లలు ఎక్కువగా ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట లోపు, తల్లి ఇంటిపనిలో ఉన్నప్పుడే మునిగిపోతున్నారని గమనించారు. ఆ నాలుగు గంటలు ఊరిలోనే ఒకచోట ఐదేళ్ళలోపు పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక మనిషిని కాపలా పెట్టారు. అంతే. ఆ పిల్లల్లో మునిగి చనిపోయేవారు ఐదింట నాలుగు వంతులకు పైగా తగ్గిపోయారు. పెద్ద యంత్రమేదీ లేదు, కళ్ళు తెరుచుకొని కూర్చున్న మనిషి ఉన్నాడు.

ధర్మవరంలో ఇది మరీ వర్తిస్తుంది. అక్కడ భార్యాభర్తలిద్దరూ మగ్గం పనిలోనే ఉంటారు. పోగు తెగితే బిడ్డ వంక చూసే తీరిక ఉండదు. బిడ్డ వీధిలో ఉంటుంది, వీధిలో ఆటోలు ఉంటాయి. అరుగుమీద అవ్వ ఉన్న ఇంటికి, లేని ఇంటికి ఎంత తేడానో ఆ వీధులవారికి నేను చెప్పనవసరం లేదు. రిటైరైన మనకు తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు ఏం పని ఉంటుంది? పేపరు. ఆ పేపరేదో పిల్లలు ఆడే చోటనే చదువుదాం. పేపరు చదువుతూ కాపలా కాయడం కుదరదు కనుక, ఇద్దరు వెళ్ళి వంతులు వేసుకుందాం.

ధర్మవరం జంక్షను, హిందూపురం స్టేషన్ల దగ్గర ఉండేవారికి ఒక మాట. ఇప్పుడు అన్నీ కరెంటు ఇంజన్లు, వచ్చే చప్పుడు తక్కువ. పైన తీగలో 25,000 వోల్టులు. ఆగి ఉన్న గూడ్సు పెట్టె పైకి ఎక్కినా, తీగకు చిక్కిన గాలిపటం కోసం తడి దారంతో, కట్టెతో ప్రయత్నించినా ప్రాణం పోతుంది, ముట్టుకోనక్కర లేదు. పెనుకొండ కొండమీద కోట శిథిలాల్లో ఆడే పిల్లలకు జారే రాళ్ళు, పాడుపడిన బావులు చూపించి చెప్పాలి. ఎండ సంగతి మీకు తెలిసిందే, పది దాటాక సాయంత్రం ఐదు వరకు నీడపట్టునే ఆటలు. కుక్క కరిస్తే పసుపు, కారం పెట్టకుండా పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళి సూదిమందు మొదలుపెట్టించాలి.

ఈత విషయం మిగిలింది. ఆరేళ్ళు దాటిన పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, నేర్పాలి. మనలో బి.పి., గుండె జబ్బు ఉన్నవారు నీళ్ళలోకి దిగుతామని ఉత్సాహపడవద్దు. గట్టుమీద నిలబడి చెప్పండి, దిగేందుకు ఈత వచ్చిన యువకులు ఊరికి ఇద్దరైనా దొరుకుతారు. నడుము లోతు దాటని, పారని నీళ్ళు చూసుకోవాలి, కాలువ వద్దేవద్దు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఏ ఊరి సభ్యులు ఆ ఊరిలో మూతలేని బోర్లు, గోడలేని బావులు, ఇసుక గుంతలు ఎక్కడెక్కడ ఉన్నాయో, పొలం ఎవరిదో, ఒక తెల్లకాగితం మీద రాసి తీసుకురండి. మూడు పట్టణాల జాబితాలు వేరువేరుగా తయారుచేసి, తహసీల్దారుకు, పంచాయతీ కార్యదర్శికి, ప్రతి ఒక్కటీ కలెక్టరు కార్యాలయానికి పుట్టపర్తికి పంపుదాం. రసీదు తీసుకుందాం. నెలలోపు జవాబు రాకపోతే జ్ఞాపిక పంపుదాం. తాళ్ళు, రబ్బరు ట్యూబుల ఖర్చు సంగతి కోశాధికారిగారు చెబుతారు.