ఎదిగే పిల్లల మనసు, ఇంటి మాట



బడుల గురించి, పాఠ్యపుస్తకాల గురించి, ఉపాధ్యాయ నియామకాల గురించి మనం ఎన్నో తీర్మానాలు చేశాం. ఈ రోజు నాకు అప్పగించిన విషయం వేరు. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల వయసులో ఉన్న మన పిల్లల మనసుకు ఇంట్లో ఏది బలమిస్తున్నది, ఏది భారమవుతున్నది అన్నది.

"నేనెవరిని?" అన్న ప్రశ్నే కౌమారంలో ప్రధానమైనదని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ ప్రతిపాదించాడు. హోసూరులోనో, బళ్ళారిలోనో, రాయగడలోనో పెరిగే తెలుగు బిడ్డకు ఆ ప్రశ్న రెండు వైపుల నుంచి ఎదురవుతుంది. బడిలో తోటివారు యాసను వెక్కిరిస్తారు. సెలవులకు ఆంధ్రలోని బంధువుల ఇంటికి వెళితే, అక్కడివారు "ఇదేం తెలుగురా?" అని నవ్వుతారు. పెద్దలకు అది వేళాకోళం. పద్నాలుగేళ్లవాడికి అది తన ఉనికి మీద తీర్పు.

తమిళనాడులో 2006 నాటి తమిళ బోధన చట్టం ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి వచ్చి, 2016 నాటికి పదో తరగతి పరీక్షను తాకింది. తెలుగు మొదటి భాషగా చదివిన పిల్లలకు న్యాయస్థానాలు మినహాయింపు ఇచ్చేదాకా ఆ ఇళ్లలో ఎంత ఆందోళన నెలకొన్నదో మీకు తెలుసు. పోరాటం న్యాయమైనదే. అయితే రాత్రిళ్లు మనం ఆ చర్చే చేస్తూ ఉంటే, పక్కగదిలో పుస్తకం ముందు కూర్చున్న పిల్ల మనసు నిలిచేదెలా? పోరాటం పెద్దల బాధ్యత. పిల్లల నెత్తిన పెట్టరాదు.

ఇంట్లో తెలుగును దేనికి వాడుతున్నామో ఒక్క రోజు గమనించండి. లే, తిను, చదువు, ఎన్ని మార్కులొచ్చాయి, ఎదురింటి పిల్లను చూసి నేర్చుకో. ఆజ్ఞలకే తెలుగు మిగిలింది! దిగులు వేరు, గుబులు వేరు, బెంగ వేరు, ఉక్రోషం వేరు. ఈ మాటలు చెవిన పడని బిడ్డ అన్నింటికీ కలిపి "టెన్షన్" అంటాడు. ఏ టెన్షనో తనకే తెలియదు. "ఈ రోజెందుకో నాకు గుబులుగా ఉందిరా" అని అమ్మే ముందు అంటే, రేపు వాడూ అనగలడు. వెంటనే ఉపదేశానికి దిగకుండా వినడం మాత్రం మనం నేర్చుకోవాలి. నాన్నలకు ఇది మరీ కష్టం.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. ఈ వయసుకు రోజుకు 8 నుంచి 10 గంటలు అవసరమని వైద్యులు చెబుతారు. తెల్లవారుజామున ట్యూషన్, అర్ధరాత్రి దాకా ఫోన్ ఉంటే అది సాధ్యం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నది. తిండి, నిద్ర, స్నేహాలు రెండు వారాలైనా గాడిన పడకపోతే ఉపేక్షించకండి. చనిపోవాలనుందన్న మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రింబగళ్లూ పలుకుతుంది, అందులో తెలుగూ ఉన్నది. హోసూరు, కోలారు వారికి బెంగళూరులోని నిమ్హాన్స్ దగ్గర. అక్కడ పిల్లలకూ కౌమారులకూ ప్రత్యేక విభాగం ఉన్నది. సంబంధాలు రావేమోనని దాచకండి. ఇంకొక్క మాట. మన ఇళ్లలో ఆసుపత్రికి వెళితే దుబాసీ పని బడికి వెళ్లే పిల్లదే. వైద్యుడి భాష మీకు రాకపోతే, తన బాధను తానే మీకు అనువదించి చెప్పే పని ఆ బిడ్డకు పెట్టకుండా, భాష తెలిసిన బంధువునొకరిని వెంట తీసుకువెళ్లండి.