బండి క్రింది చప్పుడు

(జోడ్‌భావి పేటలో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము నూలు వ్యాపారము చేసికొనువారము. మా చదువు మెట్రిక్కుతో నిలిచినది; ఇంజనీరింగు విద్య మాకు రాదు. అయినను మోటారు బండి క్రింద పుట్టు చప్పుడును గూర్చి నేడు మీ యెదుట మాట్లాడ సాహసించుచున్నాము. మన పేటలో పలువురు కార్లను, చద్దరు మూటలు మోయు చిన్న టెంపోలను కొనుచున్నారు. వానిలో ఇతరుల చేతులలో తిరిగి వచ్చిన పాత బండ్లును కలవు. ఇట్టి బండి విషయమున మేము చేసిన యొక తప్పు మా కుటుంబము ప్రాణముల మీదికి వచ్చినది. అది మీకు జరుగకూడదనియే ఈ నాలుగు మాటలు.

చప్పుడు మనకు క్రొత్తది కాదు. మగ్గముల మోతలో పుట్టి పెరిగినవారము. మా పెద్దనాయనగారు నాలుగు మగ్గముల నడుమ నిలిచి పని చేయుచు, ఒక మగ్గపు దెబ్బ ఏమాత్రము మారినను తల యెత్తి చూచెడివారు. పికరు అరిగినదో, నాడె సరిగా పెట్టె చేరుట లేదో ఆయన చెవియే చెప్పెడిది. మొదట మగ్గము ఆపెడివారు, తరువాత చూచెడివారు, ఆ తరువాతనే పానా పట్టెడివారు. ఇట్టి పెద్దల చేతులలో పెరిగిన మేము కారు ఎక్కగానే ఆ పద్ధతిని మరచితిమి.

మా కారు ముందుభాగమున ఎడమ చక్రము దగ్గర, దీపావళి వెళ్ళిన కొద్ది దినములకు, 'దబ్బు దబ్బు' మని చప్పుడు మొదలైనది. ఒక గ్యారేజీకి పోయి, "షాకబ్సార్బర్లు పోయినవి, రెండును మార్చుము" అని ఆజ్ఞాపించితిమి. ఆ మేస్త్రీ మార్చెను. సొమ్ము పోయినది, చప్పుడు పోలేదు. మేము అతనిని కోపించి, పిమ్మట "బండి నడచుచున్నది గదా" యని సమాధానపడి, రేడియో గొంతు పెంచి తిరిగితిమి.

మాఘమాసమున సిరిసిల్లలో మా చుట్టముల ఇంట పెండ్లి. మా తల్లిగారిని, భార్యను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకొని హైదరాబాదు రోడ్డున బయలుదేరితిమి. నల్దుర్గము దాటి ఉమర్గా చేరకముందే, మేకల మంద అడ్డము రాగా బ్రేకు నొక్కితిమి. 'టంగు' మని ఒక దెబ్బ వినబడెను; స్టీరింగు ఎడమకు లాగెను. మాకు చెమటలు పట్టినవి. నడక వేగమున బండిని సమీపముననున్న ఒక చిన్న వర్క్‌షాపుకు చేర్చితిమి.

అచ్చటి వృద్ధ మేస్త్రీ వెంటనే పానా పట్టలేదు. మరాఠీలో ప్రశ్నలు వేసెను. చప్పుడు ఎప్పుడు మొదలైనది? ఏ చక్రము దగ్గర? గోతులలోనా, బ్రేకు నొక్కినప్పుడా, స్టీరింగు త్రిప్పినప్పుడా? ఇటీవల ఏమి మార్చితిరి? అన్నిటికి సమాధానములు విని, జాకీ వేసి, బండి క్రింద ఇనుప స్టాండు నిలిపి, గడ్డపారతో లోయర్ ఆర్మును మెల్లగా కదలించి చూపెను. చక్రమును పట్టియుంచు బాల్ జాయింటు కుదురు తప్పి పైకి క్రిందికి ఆడుచుండెను. దాని రబ్బరు టోపీ చిరిగి, గ్రీజు పోయి, లోపల బురద ఎండియున్నది. ఆ జాయింటు ఊడినచో చక్రము వంకర తిరిగి పడిపోవును. స్టీరింగు చేతిలో నుండియు నిరుపయోగమగును.

"ఆ గ్యారేజీలో ఏమని చెప్పితిరి?" అని ఆయన అడుగగా, జరిగినది చెప్పితిమి. ఆయన నవ్వి, "వైద్యుని యొద్దకు పోయి జబ్బు చెప్పక మందు పేరు చెప్పితిరి, అతడు అదే యిచ్చెను" అనెను. ఆ మాట మాకు తగిలినది. తప్పు ఆ మేస్త్రీది అనుకొన్నంత సులభము కాదు; సగము కంటె ఎక్కువ మాదే. ఇంటివారిని బస్సులో పంపి, సామాను తెప్పించి, జాయింటు మార్పించుకొని, మరునాడు పెండ్లి చేరితిమి.

అటు తరువాత తెలిసికొన్నది మీతో పంచుకొందుము. బండి శరీరము చక్రముల మీద నేరుగా కూర్చుండదు. మన తండ్రుల కాలపు అంబాసిడరు కారుకు వెనుక కమాను పట్టీలుండెడివి. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినది. 1983లో వచ్చిన మారుతి 800కును, నేటి చిన్న కార్లలో పెక్కింటికిని ముందు చక్రముల దగ్గర నిలువు స్ట్రట్టు ఉండును. అమెరికా ఇంజనీరు మాక్‌ఫర్సను దానిని రూపొందించగా, ఇంగ్లండులో ఫోర్డు కంపెనీ 1950 దశకారంభమున కాన్సల్ కారులో వాడినది. స్ప్రింగు బరువు మోయును. షాకబ్సార్బరు ఆ స్ప్రింగు ఊపును అణచును. లోయర్ ఆర్ము చక్రమును బండికి కలుపును. బండివైపు దానికి రబ్బరు బుష్షు, చక్రమువైపు మన తుంటి కీలువంటి బాల్ జాయింటు. కుడి ఎడమలను కలుపుచు ఒక అడ్డకడ్డీ, దానికి రెండు ప్రక్కల లింకు రాడ్లు ఉండును. రబ్బరు పగిలినను, కీలు అరిగినను అచ్చట ఖాళీ ఏర్పడును. కుదుపు తగిలినప్పుడెల్ల ఆ ఖాళీ మూసికొనుచు తెరచికొనుచు నుండును. మనము వినునది ఆ దెబ్బయే. కనుక చప్పుడు ఎక్కడ అని వెదకుట అనగా ఖాళీ ఎక్కడ అని వెదకుటయే.

వెదకు క్రమము ఇది. మొదట డిక్కీ ఖాళీ చేయుడు. కట్టువిడిన జాకీయు, బిగింపు లేని స్టెప్నీయు గూడ ఇట్టి చప్పుడే చేయును. రెండవది, చక్రపు నట్లు చూడుడు. చక్రము విప్పి బిగించిన తరువాత చప్పుడు మొదలైనచో, నట్లు చూడక ఒక్క అడుగైనను నడపకుడు.

పిమ్మట ఎవరినైన ప్రక్కన కూర్చుండబెట్టుకొని నెమ్మదిగా నడపుడు. రెండు చక్రములు ఒకేసారి స్పీడ్ బ్రేకరు ఎక్కినప్పుడు చప్పుడు లేక, ఒక చక్రము మాత్రమే గోతిలో దిగినప్పుడు వచ్చినచో, లింకు రాడ్లను, అడ్డకడ్డీ బుష్షులను ముందుగా అనుమానింపుడు. ఏలయన ఆ కడ్డీ ఒక చక్రము లేచి మరియొకటి లేవనప్పుడే పని చేయును. బ్రేకు నొక్కగానే ఒక్క దెబ్బ వచ్చినచో లోయర్ ఆర్ము బుష్షులను, బాల్ జాయింటును, బ్రేకు భాగముల బిగింపును చూడవలెను. బండి నిలిచియుండగా స్టీరింగు త్రిప్పినచో మ్రోగునది స్ట్రట్టు పై బేరింగు కావచ్చును. మలుపులో బండి లాగునప్పుడు 'టకటక' మన్నచో అది సస్పెన్షను కాక ఆక్సిలు జాయింటు కావచ్చును.

షాకబ్సార్బరు పరీక్ష సులభము. బండి మూలను గట్టిగా అదిమి విడువుడు. పైకి లేచి కుదురుకొనవలెను. ఊగుచునే యున్నచో అది బలహీనపడినది. దాని ఒంటి మీద నూనె కారిన జాడ యున్నను అంతే. చక్రము గాలిలోనుండగా, పైన క్రింద పట్టి కదపినచో ఆట తెలిసిన బాల్ జాయింటు గాని చక్రపు బేరింగు గాని, ప్రక్కల పట్టి కదపినచో తెలిసిన టై రాడ్ ఎండు గాని కారణము కావచ్చును. అయితే కొన్ని బండ్లలో బాల్ జాయింటు మీద బరువుండుటచే ఆట ఇట్లు బయటపడదు. గడ్డపార పట్టిన మేస్త్రీ చేయియే కావలెను.

ఒక హెచ్చరిక. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి క్రిందికి ఎవరును తల పెట్టరాదు. ఇటుకలు పేర్చుట అంతకంటె ప్రమాదము. అవి చెప్పక పగులును. సమనేల, చక్రములకు అడ్డు, ఇనుప స్టాండు — ఈ మూడును లేనిచో పని మేస్త్రీకే విడువుడు.

మరమ్మతు చేయించునపుడు రెండు మాటలు జ్ఞాపకముంచుకొనుడు. లోయర్ ఆర్ము బుష్షు బోల్టులను, చక్రములు గాలిలో వ్రేలాడునప్పుడు కాక, బండి బరువు చక్రముల మీద పడిన తరువాతనే చివరిసారి బిగింపవలెను. లేనిచో రబ్బరు మెలిపడి త్వరలో చినుగును. లోయర్ ఆర్ము గాని టై రాడ్ ఎండు గాని మార్చిన తరువాత వీలు అలైన్‌మెంటు తప్పక చూపవలెను. లేనిచో క్రొత్త టైర్లు ఒక ప్రక్క అరిగిపోవును.

తుదకు మా ముఖ్య విన్నపము. గ్యారేజీలో మనము మరాఠీయో హిందీయో మాట్లాడుదుము. అయినను చప్పుడును మొదట మన భాషలోనే గుర్తించుడు. మన తెలుగున చప్పుడులకు మాటలు కరవు లేవు. 'కిర్రు' వేరు, 'లొడలొడ' వేరు, 'దబ్బు' వేరు, 'టంగు' వేరు. ఏ చప్పుడు, ఏ చక్రము, ఏ రోడ్డు, ఏ వేగము, ఎన్నాళ్ళుగా — ఇవి ఒక చీటీ మీద వ్రాసికొని పోయి, మేస్త్రీని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ చప్పుడును వినిపింపుడు. చేతిలో సొమ్మున్నదని సామాను పేర్లు మనము చెప్పవలదు. పని తెలిసినవానికి పని విడిచి, మనకు తెలిసినది మాత్రము దాచక చెప్పుట మర్యాదయు, లాభమును.

ఆనాడు మా వెనుక సీటులో మా తల్లిగారు ఒడిలో మనుమరాలిని నిద్రపుచ్చుచుండెను. మూడు నెలలు ఆ చప్పుడు మమ్ము పిలిచినది. మేము రేడియో పెంచితిమి. మీరు అట్లు చేయకుడని వేడుకొనుచున్నాము.