ఈ పాట ఎవరిది?



నన్ను మాట్లాడమన్న విషయం 'మేధో సంపత్తి హక్కులు'. ఆ పేరు వినగానే వెనక వరసలో ఇద్దరు ఫోన్లు తీశారు, చూశాను. ఫోన్ల గురించే చెబుతా, ఉండండి.

దండారి రోజుల్లో మా ఊరి అవ్వ పాడిన పాటను ఒకాయన వచ్చి రికార్డు చేసుకెళ్లాడు. తన ఛానెల్‌లో పెట్టుకున్నాడు. అవ్వ పేరు లేదు, ఊరి పేరు లేదు. తర్వాత మన పిల్లలు అదే పాటను సొంతంగా పాడి పెడితే కాపీరైట్ నోటీసు వచ్చింది. భయపడి తీసేశారు.

తీసేయాల్సిన పని లేదు. 1957 కాపీరైట్ చట్టం రికార్డు చేసినవాడికి ఇచ్చేది ఆ రికార్డింగు మీద హక్కు మాత్రమే. తాతల నాటి పాట మీద కాదు. మన గొంతుతో మనం పాడుకుంటే ఆపలేడు. నోటీసు తప్పని జవాబు పెట్టవచ్చు. పైగా పాడిన అవ్వకే హక్కుంది. ఆమె పాటను ఆమె అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. పాడింది తానేనని పేరు వేయమని అడిగే హక్కు 2012 సవరణలో చేరింది. ఈ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మరి పాట సంగతి? చట్టం ముందు అడిగేది, 'రాసిందెవరు?' అని. ఆ రచయిత బతికినంతకాలం, పోయాక మరో 60 ఏళ్లు రక్షణ. ఈ ఆలోచనకు మూలం 1710లో ఇంగ్లండులో అచ్చు పుస్తకాల వ్యాపారం కోసం వచ్చిన చట్టం. కిక్రి వాయిస్తూ మన దేవుళ్ల కథ పాడే ప్రధాన్‌ను 'ఎవరు రాశారు?' అని అడిగి చూడండి. తండ్రి దగ్గర విన్నానంటాడు. ఆ తండ్రి తన తండ్రి దగ్గర. చట్టం వెతికే ఆ ఒక్క మనిషి అక్కడ దొరకడు.

అందరిదీ అయిన హక్కు చట్టంలో అసలే లేదా అంటే, ఉంది. ఓజవాళ్లు మైనపు అచ్చుతో పోసే ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఒకరి సొత్తు కాదు, ఈ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసేవాళ్లది. కానీ అది వస్తువులకే. పాటకు వర్తించదు.

కాబట్టి ఈసారి దండారికి ఫోన్ తీసేముందు అడగండి. రికార్డింగు మొదట్లోనే పాడేవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించండి.

మా పిల్లలు ఆ పాటను మళ్లీ పెడుతున్నారు. అవ్వ పేరు వేస్తామని చెబితే, 'మా అమ్మ పేరు కూడా వేస్తారా?' అని అడిగింది.