కొత్త యంత్రాలు - ప్రభుత్వ సొమ్ము - మన సంఘాలు
(మన్ననూర్‌లో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ రోజుల్లో పేపరు తీస్తే స్టార్టప్‌ల మాటే. చదువుకున్న నలుగురు యువకులు కొత్త యంత్రమో, కొత్త పద్ధతో కనిపెట్టి, పెట్టుబడి వెతుక్కుంటూ మొదలుపెట్టే చిన్న కంపెనీని అలా పిలుస్తున్నారు. అచ్చంపేట దాటి అడవి అంచున ఉన్న మనకు దానితో ఏం పని అని కొందరు అడిగారు. పని ఉంది. మన దేశపు సహకార పాడికి ఊతమిచ్చినదీ అలాంటి ప్రయోగమే.

చలికాలంలో గేదెలు పాలు ఎక్కువిస్తాయి. 1950 ప్రాంతాల్లో ఆనంద్ రైతుల మిగులు పాలను బొంబాయి పూర్తిగా కొనేది కాదు. పొడి చేద్దామంటే గేదె పాలు అందుకు పనికిరావని విదేశీ నిపుణులు తేల్చేశారు. ఆనంద్‌లో పనిచేసే దలాయాగారు రంగులు చిమ్మే గన్నుతో, వేడిగాలి పరికరంతో చేసి చూపించారు. అయితే గుప్పెడు పొడికీ ఫ్యాక్టరీకీ చాలా దూరం. అక్కడ యునిసెఫ్ ఆదుకుని యంత్రాలిచ్చింది. బదులుగా పేద పిల్లలకు ఉచితంగా పాలు పోయాలన్నది షరతు. 1955 అక్టోబరు 31న నెహ్రూగారు ఆ ఫ్యాక్టరీని ప్రారంభించారు. సాయంతోపాటు షరతు కూడా వచ్చిందన్న సంగతి గుర్తుంచుకోండి.

హైదరాబాదులో 2015లో ప్రభుత్వం టి-హబ్ నెలకొల్పింది. 2022లో దానికి పెద్ద భవనం వచ్చింది. కొత్త కంపెనీలకు అక్కడ చోటు, సలహా, పెట్టుబడిదారుల పరిచయం దొరుకుతాయి. మంచిదే. కాని పెట్టుబడిదారుల సొమ్ముతో నడిచే కంపెనీకి తొందర ఎక్కువ. గబగబా పెరగాలి, లేదా ఇంకొకరికి అమ్ముడుపోవాలి, లేదా మూతపడాలి. మనకేమో ఏడాది పొడవునా రెండు పూటలా పాలు పోయాలి, వెన్న శాతం సరిగా తేలాలి. మేమెరిగిన ఒక సంఘంలో పాలు పరీక్షించే యంత్రం ఆగిపోతే అమ్మినవారు ఫోను ఎత్తలేదు. అందరికీ అందాజుగా ఒకే రేటు కట్టారు. చిక్కటి పాలు పోసినవారికి ఎంత నష్టమొచ్చిందో ఇప్పటికీ తేలలేదు.

కనుక ప్రభుత్వ సొమ్ముతో, ప్రభుత్వ నీడన ఎదిగే కంపెనీలకు షరతులు ఉండాలని మేమంటాం. విడిభాగాలు ఎన్నేళ్లు ఇస్తారో రాసివ్వాలి. మూతపడితే మరమ్మతు వివరాలు సంఘాలకు అప్పగించాలి. సభ్యుల పాల లెక్కలు సంఘం సొత్తుగానే ఉండాలి. కాటాకు ముద్ర వేయించాలని 2009 నాటి తూనికలు కొలతల చట్టం చెబుతోంది. వెన్న శాతం చూపే యంత్రం దగ్గరా అంత పట్టింపు ఉండాలి. మన డబ్బును తేల్చేది అదే కదా!

మీ సంఘంలో యంత్రం కొనే తీర్మానం వస్తే, ముందు నెల రోజులు గెర్బర్ పరీక్ష కూడా పక్కనే చేయించి, రెండు లెక్కలూ సమావేశంలో చదివి వినిపించమనండి. సిగ్నల్ లేని రోజు ఆ యంత్రం పనిచేస్తుందా అని కూడా అడగండి.